బోర్డు చేసిన తీర్మానాన్ని కమిటీ మార్చాలనుకుంటే ఏం చేయాలి?

"ఏందన్నా, బోర్డు ఒప్పుకున్న పనే కదా. రవ్వంత మార్చినాం, అంతే. దానికి ఇంత రాద్ధాంతమా?"

ఇట్లాంటి ఫోను నాకు నెలకు ఒకటైనా వస్తుంది. ఒకసారి జమ్మలమడుగు నుంచి, ఇంకోసారి గుత్తి నుంచి, మరోసారి కర్నూలు నుంచి. అడిగేది బిల్డింగ్ కమిటీ కన్వీనరు కావచ్చు, స్త్రీల మైత్రి కార్యదర్శి కావచ్చు, ఈ మధ్యే సంఘ పెద్దగా ఎన్నికైన కుర్రాడు కావచ్చు. ప్రశ్న మాత్రం ఒక్కటే. బోర్డు తీర్మానం చేసి పనిని కమిటీకి అప్పగించాక, ఆ తీర్మానంలో మార్పు చేసే హక్కు కమిటీకి ఉందా?

లేదు. మార్చమని బోర్డును అడిగే హక్కు మాత్రం ఉంది. ఎవరు చేసిన తీర్మానాన్ని వాళ్లే మార్చాలి. అయితే ఎట్లా అడగాలో తెలియకనే మన క్రైస్తవ సంఘాల్లో సగం తగవులు పుడుతున్నాయి. కడప జిల్లాలో ఒక పాస్టరేట్ కమిటీకి పదకొండేళ్లు సెక్రటరీగా ఉన్నాను కాబట్టి, ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మాటల విషయం ముందే తేల్చుకుందాం. బోర్డు అంటే సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో పాస్టరేట్ కమిటీ, బాప్టిస్టు సంఘాల్లో డీకన్ల బోర్డు, స్వతంత్ర సంఘాల్లో పెద్దల కమిటీ. కమిటీ అంటే ఆ బోర్డు ఒక పని కోసం వేసిన చిన్న బృందం. ఓటు పడకముందు ఉన్నది ప్రతిపాదన, ఓటు పడి నెగ్గాక అది తీర్మానం. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడితే దారి మొదట్లోనే తప్పుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- అసలు తీర్మానం నకలు. మినిట్స్ పుస్తకంలో (సమావేశపు నిర్ణయాలు రాసే పుస్తకం) ఉన్నది ఉన్నట్టు, తేదీతో, నంబరుతో. ఎవరికో గుర్తున్నది పనికిరాదు.
- కమిటీని వేసిన తీర్మానం నకలు. ఒక్కోసారి రెండూ ఒకే వాక్యంలో ఉంటాయి.
- మీ సంఘం బైలా. సీఎస్‌ఐ వాళ్లయితే డయాసిస్ (బిషప్ పరిధిలోని సంఘాల విభాగం) నియమావళి. సొసైటీగా రిజిస్టరైన సంఘమైతే (2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద) రిజిస్ట్రారుకు ఇచ్చిన నిబంధనల ప్రతి.
- ఇప్పటిదాకా ఇచ్చిన అడ్వాన్సులు, బిల్లులు, కొటేషన్లు.

చెప్పేది తేలిగ్గా అర్థమయ్యేందుకు ఒక ఊహా తీర్మానం తీసుకుందాం: "ఫెలోషిప్ హాలుకు బేతంచెర్ల బండలు పరిపించవలెనని, ఖర్చు రూ. 2,00,000 మించరాదని, కోతకాలపు పండుగలోపు పని ముగించవలెనని, బిల్డింగ్ కమిటీ దీనిని అమలుపరచవలెనని తీర్మానించడమైనది."

1. కమిటీని వేసిన వాక్యంలో చివరి క్రియ చదవండి

"పరిశీలించి నివేదిక ఇవ్వవలెను" అని ఉంటే బోర్డు ఇంకా ఓటు వేయలేదు. మీ చేతిలో ఉన్నది ప్రతిపాదన. ఏ మార్పు కావాలన్నా నివేదికలో సిఫారసు చేయవచ్చు. బోర్డు ముందు మీ సవరణల మీద, ఆ తర్వాత మొత్తం ప్రతిపాదన మీద మామూలు మెజారిటీతో (పోలైన ఓట్లలో సగానికి పైగా) ఓటు వేస్తుంది. మీకు కింద ఉన్న 4, 5 మెట్లు చాలు.

"అమలుపరచవలెను" అని ఉంటే ఓటు అయిపోయింది. పని చేయడమే మీ వంతు. ఈ వ్యాసమంతా ప్రధానంగా మీ కోసమే.

"పూర్తి అధికారముతో" అని ఉంటే ఆగి, ఆ వాక్యంలో మిగతా భాగం చదవండి. రూ. 2,00,000 మించకుండా పూర్తి అధికారం అంటే ఆ రెండు లక్షల లోపల నిర్ణయాలు మీవి, దాని పైన ఒక్క రూపాయి కూడా మీది కాదు. పూర్తి అధికారం అన్న మాట చూడగానే హద్దులు మరిచిపోయిన కమిటీలను నేను చాలా చూశాను.

"ఫలానా వారిని కమిటీగా వేయడమైనది" అని మాత్రమే రాసి ఊరుకున్న పుస్తకాలూ ఉన్నాయి. అప్పుడు మీకున్నది అమలు చేసే పని మాత్రమే అనుకొని నడవండి. వచ్చే సమావేశంలో స్పష్టత అడిగి, ఆ జవాబును మినిట్స్‌లో రాయించుకోండి.

2. మీరు చేయబోతున్నది వివరమా, మార్పా?

దీనికి నేను వాడే పరీక్ష ఒకటుంది. పని అయిపోయిందని ఊహించుకొని, తీర్మానాన్ని గట్టిగా చదవండి. ప్రతి మాటా నిజంగానే నిలబడితే మీరు చేసింది వివరం. ఒక్క మాట అబద్ధమైనా అది మార్పు.

మన ఉదాహరణలో బండ సైజు, ఏ మేస్త్రీకి పని ఇవ్వాలి, పని ఏ వారం మొదలుపెట్టాలి, ఇవన్నీ వివరాలు. తీర్మానం వీటి గురించి ఏమీ అనలేదు కాబట్టి కమిటీ తేల్చుకోవచ్చు. బేతంచెర్ల బదులు తాడిపత్రి బండలు వేయడం మార్పు. టైల్స్ వేయడం ఇంకా పెద్ద మార్పు. "ఎలాగూ మేస్త్రీ వచ్చాడు కదా" అని వరండాకు కూడా పరిపించడం మార్పే, ఖర్చు రెండు లక్షల లోపలే ఉన్నా సరే. ఈ చివరిదాన్ని చాలామంది ఒప్పుకోరు. డబ్బు మిగిల్తే మిగిలిన డబ్బు బోర్డుది. దాన్ని వరండాకు వాడాలో, పాస్టరు గారి ఇంటి పైకప్పుకు వాడాలో చెప్పాల్సింది బోర్డు.

అనుమానం వస్తే మార్పు కిందే లెక్కగట్టండి. అడిగినందువల్ల పోయేది ఒక నెల. అడగకపోతే పోయేవి ఇంకా చాలా ఉంటాయి.

3. ఎంతవరకు జరిగిపోయిందో రాసుకోండి

జరిగిపోయిన పనిని ఓటుతో వెనక్కి తిప్పలేరు. ఇచ్చేసిన డబ్బు, సంతకమైన ఒప్పందం, పరిచేసిన బండ, వీటిని తీర్మానం రద్దు చేయలేదు. మిగిలిన భాగాన్నే మార్చగలం. సగం హాలుకు బండలు పడ్డాక "టైల్స్‌కు మారుద్దాం" అని బోర్డుకు వెళితే, ఆ సగం సంగతేమిటో కూడా మీ కాగితంలో ఉండాలి. క్వారీకి లారీ లోడు చెప్పి అడ్వాన్సు ఇచ్చి ఉంటే, ముందు వాళ్లతో మాట్లాడండి. వెనక్కి ఎంత ఇస్తారో, ఎంత పోతుందో ఆ అంకె లేకుండా బోర్డు ముందుకు వెళ్లకండి.

4. కమిటీ నిజంగా కూర్చోవాలి

కన్వీనరు ఇద్దరికి ఫోను చేసి "మీకు ఓకేనా" అంటే అది కమిటీ నిర్ణయం కాదు. వాట్సాప్ గ్రూపులో పెట్టిన బొటనవేలూ, "ఆమెన్" అన్న జవాబూ ఓట్లు కావు, మీ బైలా అలాంటి సమావేశానికి ఒప్పుకుంటే తప్ప. సభ్యులందరికీ తెలియజేసి, వచ్చినవాళ్లు సగం దాటితే కోరం (ఉండాల్సిన కనీస హాజరు) సరిపోయినట్టు. ఐదుగురి కమిటీకి ముగ్గురు.

చిన్న కమిటీలో ప్రతిపాదనను ఒకరు బలపరచాలన్న పట్టింపు అవసరం లేదు. కన్వీనరు కూడా మాట్లాడవచ్చు, ఓటు వేయవచ్చు. కన్వీనరు సమావేశం పెట్టకుండా సాగదీస్తుంటే కమిటీలో ఏ ఇద్దరు సభ్యులైనా పిలవవచ్చని సాధారణ సభా నియమం. ఇది తెలియక నెలల తరబడి ఎదురుచూసేవాళ్లున్నారు.

ఒప్పుకోని సభ్యుడు ఉంటే ఆయన మాటను అణచకండి. బోర్డులో ఆయన లేచి తన అభిప్రాయం చెప్పుకోవచ్చని ముందే చెప్పండి. కమిటీలో నోరు నొక్కిన మాట ఆదివారం ఆరాధన అయ్యాక గేటు దగ్గర బయటికి వస్తుంది.

5. మార్పును మాట మాటగా రాయండి

"బండల విషయంలో తగు మార్పులు చేయుటకు అనుమతించగలరు." ఇట్లా రాసిన కాగితం నా చేతికి వస్తే వెనక్కి ఇచ్చేవాణ్ణి. తగు మార్పు అంటే ఏమిటో ఆ రోజు గదిలో ఉన్న పదిమందికి పది రకాలుగా అర్థమవుతుంది. ఏ మాట తీస్తారో, ఆ చోట ఏ మాట పెడతారో, పెట్టాక తీర్మానం ఎట్లా ఉంటుందో మూడూ రాయాలి. ఇట్లా:

"జూన్ సమావేశపు 4వ తీర్మానములో 'బేతంచెర్ల' అను మాట తీసి 'తాడిపత్రి' అనియు, 'రూ. 2,00,000' తీసి 'రూ. 2,40,000' అనియు చేర్చవలెనని కమిటీ సిఫారసు చేయుచున్నది. సవరించిన తరువాత తీర్మానము ఇట్లుండును: ఫెలోషిప్ హాలుకు తాడిపత్రి బండలు పరిపించవలెనని, ఖర్చు రూ. 2,40,000 మించరాదని, కోతకాలపు పండుగలోపు పని ముగించవలెనని, బిల్డింగ్ కమిటీ దీనిని అమలుపరచవలెనని."

దీని కింద కారణం రెండు మూడు వాక్యాల్లో, అదనపు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఒక వాక్యంలో, ఇప్పటిదాకా అయిన ఖర్చు ఒక వాక్యంలో. కమిటీలో ఎంతమంది ఒప్పుకున్నారో రాసి కన్వీనరు సంతకం. మొత్తం ఒక పేజీ దాటకూడదు.

పై కాగితంలో రెండు మార్పులు ఉన్నా, ఓటుకు మాత్రం వాటిని ఒకే మూటగా కట్టకండి. బండ మార్పు ఒప్పుకొని ఖర్చు పెంపు ఒప్పుకోని సభ్యుడు ఉంటే ఆయన ఏ వైపు చేయి ఎత్తాలి? విడివిడిగా ఓటు వేసే వీలు ఇవ్వండి.

తిరిగి వెళ్లి అడగడం నామోషీ అనుకునే పెద్దలకు నేను సంఖ్యాకాండం గుర్తుచేస్తాను. 27వ అధ్యాయంలో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురికి తండ్రి స్వాస్థ్యం ఇవ్వాలని తీర్పు వచ్చింది. వీళ్లు వేరే గోత్రంలో పెళ్లి చేసుకుంటే భూమి మన గోత్రం దాటిపోతుందని వాళ్ల వంశపు పెద్దలకు బెంగ పట్టుకుంది. వాళ్లు ఆ భూమిని తమంతట తాము పట్టి ఉంచలేదు. 36వ అధ్యాయంలో మళ్లీ మోషే ఎదుటికి వచ్చి చెప్పుకున్నారు. మొదటి తీర్పు చెక్కుచెదరలేదు, తండ్రి గోత్రంలోనే పెళ్లి చేసుకోవాలన్న మాట దానికి చేరింది. మన కమిటీలు నడవాల్సిన దారి ఇదే.

6. ముందుగా నోటీసు ఇవ్వండి, ఓట్ల లెక్క తెలుసుకోండి

మీ బైలాలో ఎంత మెజారిటీ కావాలో ఉంటే అదే ఆఖరి మాట. ఏమీ లేకపోతే చాలా సంఘాలు ఆధారం చేసుకునేది హెన్రీ మార్టిన్ రాబర్ట్ నియమాలను. ఆయన అమెరికా సైన్యంలో ఇంజినీరు. 1863లో ఒక బాప్టిస్టు సంఘంలో సభకు అధ్యక్షత వహించాల్సి వచ్చి, ఎట్లా నడపాలో తెలియక ఇబ్బంది పడి, చివరికి 1876లో ఈ నియమాలు అచ్చువేశాడు. అవి చెప్పేది ఇది: ఇదివరకే చేసిన తీర్మానాన్ని సవరించాలన్నా రద్దు చేయాలన్నా,

- ముందు నోటీసు ఉంటే, పోలైన ఓట్లలో మెజారిటీ చాలు;
- నోటీసు లేకపోతే, పోలైన ఓట్లలో మూడింట రెండు వంతులు కావాలి;
- నోటీసు లేకున్నా, మొత్తం బోర్డు సభ్యుల్లో సగానికి పైగా ఒప్పుకుంటే చాలు.

లెక్క వేసి చూద్దాం. బోర్డులో 12 మంది, వచ్చింది 9 మంది, ఓటు వేసింది 8 మంది. నోటీసు ఇచ్చి ఉంటే 5 ఓట్లు చాలు. ఇవ్వకపోతే 6 కావాలి. ఓటు వేయని తొమ్మిదో మనిషి ఈ రెండు లెక్కల్లోకీ రాడు. అదే 11 మంది ఓటు వేస్తే మూడింట రెండు వంతులంటే 8. కానీ 12 మంది ఉన్న బోర్డులో 7 అంటేనే సగం దాటింది, కాబట్టి 7 వస్తే నెగ్గినట్టే.

నోటీసు అంటే ముందు సమావేశంలో "వచ్చే నెల ఈ మార్పు తెస్తాము" అని చెప్పడం, లేదా సమావేశానికి పిలుస్తూ సెక్రటరీ పంపే కాగితంలో ఆ మార్పు ఏమిటో రాయడం. అజెండాలో "ఇతర విషయములు" కింద దాచడం నోటీసు కాదు.

ఇంకో మెలిక ఉంది. మీరు నోటీసులో 2,40,000 అన్నారు. సభలో ఎవరో లేచి "మూడు లక్షలు చేద్దాం" అన్నారు. అది నోటీసు హద్దు దాటింది. ఆ అంకె మీద ఓటు పెడితే నోటీసు లేనట్టే లెక్క, పెద్ద మెజారిటీ కావాలి. రెండు లక్షలకూ రెండు లక్షల నలభై వేలకూ మధ్య ఏ అంకె చెప్పినా ఫరవాలేదు.

తీర్మానం అయిన సమావేశంలోనే, ఇంకా ఎవరూ లేచి వెళ్లకముందే తప్పు తెలిసిందా? అప్పుడు ఇంత తతంగం అక్కర్లేదు. నెగ్గిన పక్షాన ఓటు వేసిన సభ్యుడు ఎవరైనా పునఃపరిశీలన కోరవచ్చు, దానికి మామూలు మెజారిటీ సరిపోతుంది.

7. బోర్డు ముందు

కన్వీనరు కాగితం చదివి సవరణను ప్రతిపాదించాలి. ఒకరికి మించి ఉన్న కమిటీ నుంచి వచ్చిన సిఫారసు కాబట్టి వేరే ఎవరూ బలపరచనక్కర్లేదు. కన్వీనరు బోర్డు సభ్యుడు కాకపోతే ఆయన చదివాక ఒక బోర్డు సభ్యుడు ప్రతిపాదించాలి.

అధ్యక్ష స్థానంలో ఉన్న పాస్టరు అయ్యగారు ఓటుకు ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి: "మనం ఇప్పుడు ఓటు వేస్తున్నది మార్పు మీద మాత్రమే. ఇది ఓడిపోతే జూన్ తీర్మానం అలాగే ఉంటుంది." నేను చూసిన గొడవల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు జరిగింది ఇక్కడే. సవరణ ఓడిపోగానే పనే రద్దయిందనుకొని కమిటీ చేతులు దులుపుకుంటుంది, పండుగ దగ్గరపడుతుంది, హాలు మట్టి నేలతోనే ఉంటుంది. సవరణ ఓడితే పాత మాట ప్రకారం పని చేయాలి. అది కుదరదనుకుంటే రద్దు కోరుతూ వేరే ప్రతిపాదన తేవాలి.

"అందరికీ సమ్మతమే కదా, ప్రార్థన చేసుకుందాం" అని ముగించకండి. ప్రార్థన చేసుకోండి, దాని ముందు చేతులు లెక్కపెట్టండి.

8. మినిట్స్

పాత తీర్మానాన్ని కొట్టేయకూడదు, దిద్దకూడదు, వైట్‌నర్ అసలే వద్దు. జూన్‌లో బోర్డు అన్నది జూన్ పేజీలో అట్లాగే ఉండాలి. కొత్త తీర్మానాన్ని ఈ నెల పేజీలో, పాతదాని తేదీ, నంబరుతో సహా, సవరించిన పూర్తి వాక్యంతో రాయండి. ఓట్లు ఎన్ని, నోటీసు ఎప్పుడు ఇచ్చారు, రెండూ రాయండి. ఆ తర్వాత పాత పేజీ మార్జిన్‌లో "సెప్టెంబరు సమావేశపు 6వ తీర్మానము ద్వారా సవరించబడినది" అని చిన్నగా రాసి సెక్రటరీ సంతకం చేయాలి. ఐదేళ్ల తర్వాత పాత పేజీ మాత్రమే చూసేవాళ్లు మోసపోకుండా ఉండేది ఆ ఒక్క గీత వల్లే.

బోర్డు కూడా మార్చలేనివి

సంఘ సర్వసభ్య సమావేశం చేసిన తీర్మానాన్ని బోర్డు మార్చలేదు. దాన్ని మళ్లీ సర్వసభ్య సమావేశానికే తీసుకుపోవాలి. బాప్టిస్టు సంఘాల్లో సంఘ సమావేశానిదే పై మాట కాబట్టి కర్నూలు వైపు వాళ్లు దీన్ని మరీ జాగ్రత్తగా చూసుకోండి. సీఎస్‌ఐ సంఘాల స్థిరాస్తి మామూలుగా సీఎస్‌ఐ ట్రస్ట్ అసోసియేషన్ పేరు మీద ఉంటుంది. డయాసిస్ అనుమతి తీసుకున్న కట్టడమైతే, ఆ అనుమతిలో ఉన్నదాన్ని మార్చే ముందు పాస్టరేట్ కమిటీ తీర్మానంతో పాటు డయాసిస్ ఆఫీసుకు కూడా వెళ్లాలి.

మూడోది, షరతుతో ఇచ్చిన కానుక. మా దగ్గర జరిగిందే చెప్తాను. ఒక హాలుకు బండల కోసమని ఒక పెద్దావిడ డబ్బు ఇచ్చింది. వాళ్ల నాయన బతుకంతా బండల గనిలో పని చేసిన మనిషి, ఆయన జ్ఞాపకార్థం. కమిటీ వాళ్లు మంచి మనసుతోనే, తుడవడానికి తేలికని, మెరుపుగా ఉంటాయని టైల్స్ వేయించారు. బోర్డుకు ఆ సంగతి తెలిసింది పని అయ్యాకే. కోతకాలపు పండుగ రోజు ఆవిడ చెప్పులు విడిచి గడప దాకా వచ్చింది. వంగి అరచేత్తో నేలను ఒకసారి తడిమింది. ఏమీ అనలేదు, లోపలికి రాలేదు, బయట వేపచెట్టు కింద కూర్చొని భోజనం చేసి వెళ్లిపోయింది. సెక్రటరీగా ఆ పని మధ్యలో ఒక్కసారైనా తీర్మానం తీసి చదివించి ఉంటే అది జరిగేది కాదు. ఆ తప్పు నాకు ఇప్పటికీ బాధే. ఒక పని కోసమని ఇచ్చిన డబ్బును ఇచ్చినవాళ్లను అడగకుండా ఏ ఓటుతోనూ మళ్లించకండి.

ఇప్పటికే మార్చేసి ఉంటే

దాచకండి. వచ్చే సమావేశంలోనే కన్వీనరు నిలబడి ఏం మార్చారో, ఎందుకో, ఎంత ఖర్చయిందో చెప్పి, బోర్డు ఆమోదం కోరాలి. బోర్డు తాను ముందే అనుమతించగలిగిన పనినే తర్వాత ఆమోదించగలదు. సర్వసభ్య సమావేశం మాటను దాటి చేసినదాన్ని ఆమోదించే అధికారం బోర్డుకు కూడా లేదు. బోర్డు ఆమోదించకపోతే ఆ ఖర్చు భారం చేసినవాళ్ల మీద పడే ప్రమాదం ఉంది. ఆమోదం అయ్యేదాకా మిగిలిన పని ఆపండి, ట్రెజరరు చెక్కు రాయకూడదు.

పాత తేదీ వేసి తీర్మానం పుట్టించమని సెక్రటరీని బతిమాలేవాళ్లు ఉంటారు. చేయి అడ్డం పెట్టి చెప్పండి, కుదరదని. అది సవరణ కాదు, అబద్ధం.

సరిగ్గా జరిగిందో చూసుకోవడం

ఆ సమావేశాలకు రాని ఒక సభ్యుణ్ణి పిలిచి మినిట్స్ పుస్తకం చేతికివ్వండి. ఇంకేమీ చెప్పకండి. ఏ బండలు, ఎంత ఖర్చు, ఎప్పటిలోపు, ఎవరు చేయాలి అని అడగండి. పుస్తకం చూసి నాలుగింటికీ తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే మీ పని సరిగ్గా అయినట్టు. "ఆగన్నా, ఇది మార్చినారా లేదా?" అని అడిగాడంటే 8వ మెట్టులో ఏదో వదిలేశారు.

తర్వాత మేస్త్రీ చేతిలో ఉన్న కాగితం చూడండి. పాత అంకెతో రాసిచ్చిన ఒప్పంద పత్రం ఇంకా ఆయన జేబులో ఉంటే కొత్తది ఇచ్చి పాతది తీసుకోండి. చివరగా ట్రెజరరు వోచర్లు. సవరణ తర్వాత రాసిన ప్రతి వోచరు మీదా కొత్త తీర్మానం నంబరు ఉండాలి. పాత నంబరు కనిపిస్తే ఆడిటర్ వచ్చేదాకా ఆగకుండా ఆ వారమే సరిచేసి, పక్కన ట్రెజరరు సంతకం పెట్టించండి.